మోర్టీ సంవత్సరీకానికి తొమ్మిదిమంది

నా మొగుడి సంవత్సరీకానికి పదిమంది మగవాళ్లు కావాలి. స్టూ ప్లాట్కిన్ తొమ్మిదిమందిని తీసుకొచ్చాడు. తెలియక కాదు, మరిచిపోయీ కాదు. కప్పు కోసం.

ఈ స్టూ మా అబ్బాయి లెన్నీ ఆడే సాఫ్ట్‌బాల్ జట్టుకి కెప్టెను. అరవై ఎనిమిదేళ్లవాడు. మావాడికి అరవై నాలుగు. బోయింటన్ బీచ్‌లో మా యూదుల మందిరం మగవాళ్లంతా కలిసి కట్టుకున్న జట్టు, పేరు యూదా సింహాలు. ఏం సింహాలో! ఒకడికి ఇనుప మోకాలు, ఒకడికి మార్చిన తుంటి, మావాడి గుండెలో స్టెంటు. కొట్టి పరిగెత్తలేనివాడి బదులు ఇంకొకడు పరిగెత్తవచ్చని ముసలివాళ్ల ఆటలో ఒక రూలు. ఒకళ్లనొకళ్లు గుద్దుకుని చస్తారని, పరిగెత్తి వచ్చేవాడు తొక్కడానికి, బ్యాటు పట్టినవాడి ముందు నేలలో పాతిన పలక, దాన్నే ప్లేటంటారు, దాని పక్కన ఇంకో ప్లేటు. ఇన్ని జాగ్రత్తలు పడి ఆడేకంటే ఇంట్లో కూర్చోవచ్చు కదరా అంటే లెన్నీ నవ్వుతాడు. వాడు నవ్వితే స్టెంటు ఊరుకుంటుందా?

అందుకే నేను ప్రతి టోర్నమెంటుకీ వెళ్తాను. నాకు ఎనభై ఆరు. బీపీ మిషను, మాత్రలు, ఉడకబెట్టిన గుడ్లు, ఊరేసిన దోసకాయలు సంచిలో పెట్టుకుని ఇనప కంచె వెనక కూర్చుంటాను. "లెన్నీ, నీళ్లు తాగు!" అని అరుస్తాను. అవతలి జట్టువాళ్లు నవ్వుతారు, నవ్వనీ. వాళ్ల అమ్మలు పోయారు కాబట్టి నవ్వుతున్నారు. మైదానం చివర కాలవ ఒకటి ఉంటుంది. ఫ్లోరిడాలో కాలవంటే మొసలి. బంతి అటు దొర్లిందంటే నా ప్రాణం దాని వెనకే దొర్లుతుంది.

మోర్టీ పోయి ఏడాదైంది. మా లెక్క ప్రకారం సంవత్సరీకం మంగళవారం పొద్దుగూకినప్పుడు మొదలై బుధవారం పొద్దుగూకేసరికి అయిపోతుంది. ఆ లోపల కొడుకు నిలబడి తండ్రి కోసం కడిష్ చదవాలి. రెండు నిమిషాల ప్రార్థన. కానీ ఒంటరిగా చదవకూడదు. పదిమంది యూదు మగవాళ్లు అక్కడ ఉండాలి. తొమ్మిదిమంది ఎంత గొప్పవాళ్లైనా తొమ్మిదిమందే.

సరిగ్గా ఆ రెండు రోజులే టోర్నమెంటు పెట్టారు, మాకు రెండు గంటల దూరంలో, నారింజ తోటల మధ్య ఎక్కడో. నేను వద్దన్నాను. ఊళ్లో ఉండి మన మందిరానికి వెళ్దామన్నాను.

"అమ్మా, మన మందిరంలో రోజూ పదిమందిని పోగెయ్యడానికి ఫోన్లు చేసి బతిమాలుకుంటారు. మా జట్టే పదిమంది. ఆట అయ్యాక ప్రతిసారీ ప్లేటు దగ్గర నిలబడి ప్రార్థన చేస్తాంగా? నువ్వే చూశావుగా?" అన్నాడు లెన్నీ.

చూశాను. అది నిజమే. మధ్యాహ్నం ఎండ కళ్లలో పడకుండా బ్యాటు పట్టినవాడు తూర్పుకి తిరిగి ఉండేలా మైదానం వేస్తారట. మావాళ్లు ప్రార్థన చేసేదీ తూర్పుకే. అందుకని చెమట కారుతున్న షర్టులతోనే ప్లేటు దగ్గర వరుసగా నిలబడతారు, పళ్ల డాక్టరుగా చేసి మానేసిన గెర్షన్ చదువుతాడు, మిగతావాళ్లు ఆమెన్ అంటారు. జట్టులో మొత్తం పన్నెండుమంది. ఒకడు తుంటి ఆపరేషన్‌కి, ఒకడు మనవరాలి పెళ్లికి పోయారు. పదిమంది మిగిలారు. పదిమంది చాలు. సరే అని లెన్నీ కారులో ఇంటి నుంచే నేరుగా బయల్దేరాను.

మంగళవారం సాయంత్రం హోటల్లో చూస్తే తొమ్మిదిమంది. ఇర్వింగ్ ష్లాంజర్ లేడు.

"ఇర్వ్ పొద్దున్నే వచ్చేస్తాడు ఆంటీ" అన్నాడు స్టూ, నా మొహం చూడకుండా.

ఇర్వింగ్ మా మోర్టీ స్నేహితుడు. డెబ్భై ఏడేళ్లు. భార్య లేదు, పిల్లలు లేరు. వాడు లేకపోతే ఆ రాత్రి కడిష్ లేదు. సరే, రేపు పగలుంది కదా అనుకున్నాను. గదిలో మోర్టీ పేరున రోజంతా వెలగాల్సిన దీపం వెలిగించి, హోటలు తగలబడుతుందేమోనని భయపడి, మొహం కడుక్కునే తొట్టిలో పెట్టాను.

బుధవారం పొద్దున మైదానానికి వెళ్తే మా నీలం షర్టు వేసుకుని ఎవరో నిలబడి ఉన్నాడు. గుమ్మమంత మనిషి. వీపు మీద ఇర్వింగ్ నంబరు.

"ఆంటీ, ఈయన డ్వేన్. ఫైర్ స్టేషన్లో చేసి రిటైరయ్యాడు. కొడితే బంతి పక్క జిల్లాలో పడుతుంది" అన్నాడు స్టూ.

"యూదుడా?"

"మెథడిస్టు క్రైస్తవుణ్ణండీ" అన్నాడు డ్వేన్, టోపీ తీసి. మర్యాదస్తుడే. ఆయన మీద నాకేం లేదు.

"ఇర్వింగ్ ఏడిరా?"

"జ్వరమట ఆంటీ. రాలేనన్నాడు."

జ్వరమంటే మాటలా? డెబ్భై ఏడేళ్ల మనిషి, ఒంటరివాడు, స్నానాల గదిలో పడిపోయి ఉంటే ఎవరు చూస్తారు? అవతల ఆట మొదలైంది, డ్వేన్ మొదటి దెబ్బకే బంతిని కంచె దాటించాడు, మావాళ్లు పిల్లల్లా గెంతుతున్నారు. నేను ఇర్వింగ్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. అంబులెన్సుకి చేద్దామా అనుకుంటూ ఇంకోసారి చేస్తే ఎత్తాడు.

"జ్వరం ఎంత ఉంది? థర్మామీటరు పెట్టుకున్నావా?" అన్నాను.

"జ్వరమా? ఎవరికి వదినా?"

"నీకే! స్టూ చెప్పాడు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"వదినా, నాకు జ్వరం లేదు. నిన్న పొద్దున మందిరం ముందర బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. అక్కడే కలుసుకుందామన్నారు. ఒక్క కారు రాలేదు. స్టూకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎండలో నిలబడి నిలబడి, చివరికి తోటమాలి వచ్చి, వాళ్లంతా షాపుల దగ్గర నుంచి వెళ్లిపోయారు సార్ అన్నాడు. షర్టు ఇస్త్రీ చేసుకుని వెళ్లాను వదినా."

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషిని తీసెయ్యాలంటే మొహం మీద చెప్పి తీసెయ్. ముసలివాణ్ణి ఎండలో నిలబెట్టి వేరే వీధిలోంచి పారిపోతారా? దొంగలు కూడా అలా చెయ్యరు.

"ఇర్వింగ్, ఇవాళ మోర్టీ సంవత్సరీకం. నువ్వు లేకపోతే తొమ్మిదిమందే" అన్నాను.

"తెలుసు వదినా. నిన్న అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది."

"అయితే కారెక్కి రా."

"రాను."

"ఏమిటీ?"

"ప్రార్థనకి పనికొస్తాను, ఆటకి పనికిరానా? ఆమెన్ అనడానికి ఇర్వింగ్ కావాలి, రెండో బేసు దగ్గర నిలబడడానికి ఇంకొకడు కావాలి. నేనేమైనా కుర్చీనా వదినా, కావలసినప్పుడు తెచ్చి వేసుకోడానికి? ఆడిస్తానంటే వస్తాను. లేదంటే మోర్టీ నన్ను క్షమిస్తాడు."

నేను వాణ్ణి తిట్టాలి. తిట్టలేకపోయాను. వాడన్నదాంట్లో ఒక్క మాట తప్పుంటే కదా?

ఆట గెలిచి అందరూ నీడలోకి వచ్చారు. ఇక ఫైనల్ సాయంత్రం నాలుగింటికి. నేను స్టూ ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఒరేయ్, ఇర్వింగ్‌కి జ్వరమన్నావు."

స్టూ సీసా ఎత్తి నీళ్లు తాగాడు. తాగుతూనే ఉన్నాడు.

"ఎంతసేపు తాగుతావు? నేనేం పోను."

"ఆంటీ, ఇర్వ్‌కి బంతి కనపడదు, చెవి వినపడదు. పోయినసారి వాడి కాళ్ల మధ్యలోంచి మూడు బంతులు పోయాయి. ఎన్నేళ్లుగా ఆడుతున్నాం, ఒక్క కప్పు తేలేదు. మనల్ని చూస్తే చాలు, యూదులకి ఆటలెక్కడొస్తాయని, 'అదిగో వచ్చారు డాక్టర్లు, లాయర్లు' అని నవ్వుతారు. ఇంక ఎన్నేళ్లు ఆడతాను చెప్పు?"

"నాకేం తెలుసురా ఎన్నేళ్లో! మా మోర్టీకి ఇవాళ ఒక్కరోజే ఉంది."

"కడిష్ రేపు మన మందిరంలో చదివితే దేవుడు వద్దంటాడా?"

"రేపు సంవత్సరీకం కాదు. మీ నాన్న పోయినప్పుడు ఒక్కరోజు వెనకాముందైతే ఊరుకున్నావా?"

గెర్షన్ గొంతు సవరించుకున్నాడు. "రోడా గారూ, తొమ్మిదిమందితో కుదరదండీ. ఈ ఊళ్లో మందిరం శనివారం తప్ప తెరవరు. నేను కనుక్కున్నాను."

"నన్ను లెక్కెయ్. నేను మనిషిని కానా? ఎనభై ఆరేళ్లుగా ఊపిరి తీస్తున్నాను."

"మా మనవరాలి మందిరంలో అయితే ఆడవాళ్లని లెక్కేస్తారు. మన దగ్గర..." అని ఆపేశాడు.

నాకు దాని మీదా కోపం వచ్చింది. కానీ మోర్టీ పాత పద్ధతివాడు. వాడి సంవత్సరీకం రోజున వాడితో పోట్లాట పెట్టుకోను. అది తర్వాత చూసుకుంటాను, గెర్షన్‌తో చూసుకుంటాను.

"ఇర్వింగ్ వస్తాడు. ఫైనల్లో ఆడిస్తే వస్తాడు. ఆడించు" అన్నాను స్టూతో.

"ఎవణ్ణి తియ్యమంటావు? డ్వేన్‌నా? వాడు లేకపోతే ఓడిపోతాం!"

"ఓడిపో! ఓడిపోతే ఎవడైనా చస్తాడా?"

ఇంతసేపూ నా కొడుకు బల్ల చివర కూర్చుని బూటు తాడు ముడేస్తున్నాడు. అరవై నాలుగేళ్లవాడు, ఆ తాడు పట్టుకుంటే వదలడు. వాడి తండ్రి కోసం వాడి తల్లి కొట్లాడుతుంటే వాడు తాడు ముడేస్తున్నాడు! నాకు స్టూ మీదకంటే వాడి మీద కోపం ఎక్కువైంది.

"నీకు నోరు లేదట్రా?"

లెన్నీ లేచాడు. గ్లౌజు తీసి బల్ల మీద పెట్టాడు.

"స్టూ, నా బదులు ఇర్వ్ ఆడతాడు."

"నీకేమైనా పిచ్చా? జట్టులో డ్వేన్ తర్వాత కొట్టేది నువ్వే!"

"నేను కూర్చుంటాను. అమ్మా, ఇర్వ్‌కి ఫోన్ చెయ్యి."

వాడు ఆట మానాలని నేను మొక్కని రోజు లేదు. తీరా వాడు మానతానంటే నాకు తల తిరిగింది. ఛాతీలో నొప్పి ఏమైనా వచ్చి చెప్పడం లేదేమోనని బీపీ మిషను తీసి వాడి చేతికి చుట్టాను. బాగానే ఉంది. బాగానే ఉందని తెలిశాక ఇంకా మండింది.

"నువ్వెందుకురా కూర్చోవడం? తప్పు చేసింది వాడు! కూర్చుంటే ఆ గుమ్మం కూర్చోవాలి, లేకపోతే స్టూ కూర్చోవాలి!"

"అమ్మా, డ్వేన్ పిలిస్తే వచ్చాడు. ఆయన తప్పేముంది? నాన్న సంవత్సరీకం నాది. నేను కూర్చుంటాను."

ఇర్వింగ్ మూడింటికే వచ్చాడు. పాత కారు, కిటికీ అద్దం సగంలో ఇరుక్కుంది. నీలం షర్టు ఇస్త్రీ నలగలేదు. నాకు చెంప మీద ముద్దు పెట్టి, లెన్నీ భుజం తట్టి, స్టూ పక్కనుంచి గోడ పక్కనుంచి పోయినట్టు పోయాడు. స్టూ "వచ్చావా ఇర్వ్" అన్నాడు. ఇర్వింగ్ చెవి వినపడనట్టు ఉన్నాడు. వాడికి చెవుడుండడం ఆ ఒక్క క్షణం నాకు బాగా నచ్చింది.

అవతలివాళ్లు ఒకాలా నుంచి వచ్చారు, రైతుల్లాంటి ముసలివాళ్లు, చేతులు దుంగల్లా ఉన్నాయి. ముందు ఆట ఆలస్యమై మాది ఐదు కావస్తుంటే మొదలైంది. అప్పుడే నాకు కొత్త భయం పట్టుకుంది. పొద్దుగూకకుండా ఆట అవ్వాలి. ముందే చదివేస్తే స్టూ మళ్లీ కూర్చోబెడతాడని, ఆట అయ్యాకే ప్రార్థన అని ఇర్వింగ్ పట్టుబట్టాడు. ఫిబ్రవరి ఎండ ఎంతసేపుంటుంది? నేను బంతిని చూడ్డం మానేసి సూర్యుణ్ణి చూడ్డం మొదలుపెట్టాను.

ఇర్వింగ్ కాళ్ల మధ్యలోంచి ఒక బంతి పోయింది. స్టూ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. కానీ బ్యాటు పట్టినప్పుడు ఇర్వింగ్ పొట్టిగా, పద్ధతిగా కొట్టి మొదటి బేసు చేరుకున్నాడు. అక్కడ నిలబడి స్టూ వైపు చూశాడు. స్టూ ఆకాశం చూస్తున్నాడు. మొండివెధవ.

"త్వరగా కానివ్వండి!" అని అరిచాను నేను.

ఒకాలా ఆడవాళ్లు నా వైపు చూశారు. "మీవాళ్లు వెనకబడ్డారు కదా, త్వరగా అంటారేంటి?" అంది ఒకావిడ.

"వెనకబడ్డారుగా! త్వరగా ఓడిపొమ్మనే చెప్తున్నాను!"

ఓడిపోతారా? ఓడిపోరు. ఆ డ్వేన్ బంతిని పంపిస్తూనే ఉన్నాడు. ఆఖరి వంతు వచ్చేసరికి మావాళ్లు ఒక్క పరుగు వెనక. ఇద్దరు ఔట్. రెండో బేసు మీద గెర్షన్. బ్యాటు పట్టింది ఇర్వింగ్. సూర్యుడు ప్లేటు వెనక కంచె పైకమ్మీ మీద కూర్చున్నాడు.

ఇర్వింగ్ కొడితే సమం. సమం అయితే ఇంకో వంతు, లైట్లు వేసి ఆడిస్తారు, పొద్దుగూకిపోతుంది, మోర్టీకి కడిష్ లేదు. కొట్టకపోతే స్టూ అన్నదే నిజమవుతుంది, ముసలాడు పనికిరాడని ఊరంతా చెప్పుకుంటారు. ఏది కావాలని దేవుణ్ణి అడగను? కంచె పట్టుకుని నిలబడ్డాను. ఎవరినీ ఏమీ అడగలేదు.

మొదటి బంతి తగిలింది కానీ గీత అవతల పడింది. ఒక స్ట్రైకు. మూడైతే ఔట్.

ఇర్వింగ్ బ్యాటు దించి రెండో బేసు వైపు తిరిగాడు. "గెర్షన్! ఎంతసేపుంది?"

"ఏం ఎంతసేపు?" అని అక్కణ్ణుంచి కేకేశాడు గెర్షన్.

"పొద్దుగూకడానికి!"

గెర్షన్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇర్వింగ్ తల మీదుగా సూర్యుణ్ణి చూశాడు. "పది నిమిషాలు కూడా లేదు!"

ఇర్వింగ్ బ్యాటు పట్టినవాడు నిలబడే గీతల్లోంచి బయటికి వచ్చేశాడు. బ్యాటు భుజం మీద వేసుకుని, డగౌటు వైపు చూసి, "లెన్నీ, రా. మీ నాన్నకి చదువు" అన్నాడు.

"అయ్యా, లోపలికి రండి. రాకపోతే స్ట్రైకు ఇస్తాను" అన్నాడు అంపైరు.

"ఇవ్వండి."

"స్ట్రైక్ టూ!"

"ఇర్వ్! కొట్టరా! కొట్టు!" స్టూ గొంతు చిరిగిపోతోంది. "లోపలికి వెళ్లరా ముసలి గాడిదా!"

ఇర్వింగ్ అప్పుడు మొదటిసారి వాడితో మాట్లాడాడు. "వినపడ్డం లేదు" అన్నాడు.

"అయ్యా, ఆఖరిసారి చెప్తున్నాను" అన్నాడు అంపైరు. పాపం ఆయన మొహం కూడా ఎర్రబడింది. ఇర్వింగ్ బ్యాటు నేల మీద పెట్టాడు, మెల్లగా, మోకాళ్లు నొప్పి కదా.

"స్ట్రైక్ త్రీ. ఔట్."

ఒకాలా వాళ్లు ముందు నమ్మలేదు, తర్వాత గెంతారు. మావాళ్లు ఒక్కొక్కరూ ప్లేటు దగ్గరికి వస్తున్నారు. కొందరు ఇర్వింగ్‌ని తిడుతూ వచ్చారు, కానీ వచ్చారు. లెన్నీ వచ్చాడు. నేను లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్లీ తొమ్మిది!

స్టూ డగౌటు లోపల సామాను సంచిలోకి విసురుతున్నాడు. సంచి భుజాన వేసుకుని గేటు వైపు వస్తున్నాడు, కార్ల దగ్గరికి పోవడానికి.

"స్టూ!" అని పిలిచాడు గెర్షన్.

"మీ ప్రార్థన మీరు చేసుకోండి! నేను ఆమెన్ అనను! ఒక్క మాట అనను!"

"అనకపో. నిద్రపోతున్నవాడు కూడా పదిమందిలో లెక్కే. ఉంటే చాలు" అన్నాడు గెర్షన్. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "రోడా గారూ, వాణ్ణి పోనివ్వకండి."

ఎనభై ఆరేళ్ల కాళ్లు. అయినా నేను గేటు దగ్గరికి ముందు చేరాను. బయటి నుంచి గడియ వేసి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

స్టూ లోపలి నుంచి గేటు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. వాడి కళ్లలో నీళ్లు చూసి జాలి పడతానేమోనని భయపడ్డాను. పడలేదు.

"ఆంటీ, తియ్యి. నన్ను పోనీ."

"ముసలివాణ్ణి ఎండలో నిలబెట్టావు. నువ్వు నీడలో రెండు నిమిషాలు నిలబడలేవా?"

"మంచి అవకాశం పోయింది ఆంటీ. నీకేం తెలుసు? నాకు నీ మీద, ఇర్వ్ మీద, అందరి మీదా ఎంత కోపంగా ఉందో నీకు తెలీదు."

"ఉండనీ. నాకూ ఉంది. కోపంగా అక్కడే నిలబడు."

స్టూ వెనక, ప్లేటు దగ్గర, లెన్నీ మొదలుపెట్టాడు. మొదటి మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. వాడు ఎంత మెల్లగా చదువుతున్నాడో, ఎండ ఎంత త్వరగా పోతోందో! త్వరగా చదవరా అని అరవబోయి నోరు మూసుకున్నాను. అటు చూడలేదు. చూస్తే చెయ్యి సడలుతుందేమో, వీడు తోసుకుని పోతాడేమో. ఎనిమిది గొంతులు ఆమెన్ అన్నాయి. తర్వాత ఇంకా దూరం నుంచి ఒక లావు గొంతు వేరేగా ఆమెన్ అంది, అది డ్వేన్‌ది, లెక్కలోకి రానిది. స్టూ అనలేదు. గేటు ఊచల మధ్య నుంచి నన్నే చూస్తూ పళ్లు బిగించుకుని నిలబడ్డాడు.

చివరి ఆమెన్ అయ్యేదాకా నేను గడియ మీంచి చెయ్యి తియ్యలేదు.